కుడిచేత్తో పట్టిన ప్లేటు

బాన్సువాడ నుంచి బిచ్కుంద పోయే బస్సులో నేను పదకొండేళ్లు కండక్టరుగా చేశాను. అంగడి రోజుల్లో ఆ బస్సులో కాలు పెట్టే జాగా ఉండదు. కూరగాయల గంపలు, ఎరువు బస్తాలు, చంకల్లో పిల్లలు. వాటన్నిటి మధ్యలోంచి దూరుకుంటూ, పైన రాడ్డు పట్టుకోకుండానే టికెట్లు కొట్టేదాన్ని. నా కుడిచెయ్యి ఎట్లా పనిచేస్తుందో నేను ఎన్నడూ చూసుకోలేదు. చూసుకునే అవసరం రాలేదు.

రెండేళ్ల కింద ఒక పొద్దున బిచ్కుంద నుంచి వాపసు వస్తున్నాం. పెద్ద కొడప్‌గల్ దాటినంక ఒక పెద్దాయనకు టికెట్ కొడుతుంటే మిషన్ చేతిలోంచి జారి కింద పడింది. వంగి తీద్దామంటే చెయ్యి రాలేదు. "ఏమైంది బిడ్డా?" అని ఆయన అడిగాడు. జవాబు చెప్పబోతే నోట్లోంచి మాట రాలేదు, ఏదో చప్పుడు వచ్చింది. డ్రైవరన్న అద్దంలోంచి చూశాడట. ఇగ ఆయన ఎక్కడా ఆపలేదు. స్టేజీల దగ్గర జనం చేతులు ఊపుతున్నా ఆపలేదు. బస్సును నేరుగా తెచ్చి బాన్సువాడ దవాఖాన గేటు ముందర నిలబెట్టాడు. ఆ రోజు నాతో పాటు బస్సులోని వాళ్లందరూ అక్కడే దిగారు. "మా స్టేజీ పోయింది" అని ఒక్కరు కూడా అనలేదని తరవాత ఆయన నాకు చెప్పాడు.

పక్షవాతం అన్నారు. తొందరగా తెచ్చారు కాబట్టి బతికిపోయావన్నారు. మాట పది రోజుల్లో తిరిగొచ్చింది. కాలు రెండు నెలలకు మాట విన్నది. చెయ్యి మాత్రం వినలేదు. వేళ్లు ముడుచుకుంటే తెరుచుకోవు. బలవంతంగా తెరిస్తే మళ్లీ ముడవడానికి రావు. గ్లాసు పట్టుకున్నానంటే ఎవరో ఒకరు వచ్చి ఒక్కో వేలు విప్పి గ్లాసును నా చేతిలోంచి తియ్యాలి.

అప్పటి నుంచి అన్నం నా భర్తే తినిపించాడు. ఆయన రైతు. నస్రుల్లాబాద్ దిక్కు మాకు కొంచెం పొలం ఉంది, రెండు పంటలూ వరే. పొద్దున పొలానికి పోయే ముందు ఒకసారి, మధ్యాహ్నం ఎండలో మోటార్ సైకిల్ మీద వచ్చి ఒకసారి, పొద్దుగూకినంక ఒకసారి, రోజుకు మూడు పూటలు కలిపి పెట్టేవాడు. ఆయన ముద్ద ఆయన నోటికి సరిపోయేంత ఉంటుంది.

"ఏమయ్యా, ఇది నా నోరు. నీది కాదు" అనేదాన్ని.

"అట్లనా" అని సగం చేసి పెట్టేవాడు. నాలుగో ముద్దకు మళ్లీ పెద్దదయ్యేది.

విసుక్కున్నాడా అంటే ఒక్కనాడు కూడా విసుక్కోలేదు. అదే నాకు భారంగా ఉండేది. ఆయన విసుక్కుంటే నేనూ ఒక మాట అనేదాన్ని, ఇద్దరికీ తేలికయ్యేది. ఆయన ఓపిగ్గా పెడుతుంటే నేను తలవంచుకుని తినేదాన్ని. ఆకలి ఉన్నా "చాలు" అనేసేదాన్ని.

ఆ ఏడాదే మా ఆడబిడ్డ కూతురి ఓణీల ఫంక్షన్ అయింది. పోకుంటే బాగుండదని పోయాను. ఫంక్షన్ హాల్లో వరసగా బల్లలు, విస్తర్లు. మటన్ వాసనకు నాకు నోరూరింది. ఎడమచేత్తో స్పూను పట్టుకుని తినబోతే ఎదురుగా కూర్చున్న ముసలవ్వ, "అయ్యో, ఎడమ చేత్తోనా బిడ్డా?" అంది. ఆమె చెడ్డ మనసుతో అనలేదు. ఆమెకు నా సంగతి తెలియదు. కానీ ఆ మాటకు అటు పది మంది, ఇటు పది మంది నా దిక్కు చూశారు. నా భర్త తన విస్తరి వదిలిపెట్టి లేచి వచ్చాడు. నా పక్కన నిలబడి, అందరి ముందర అన్నం కలిపి నా నోటికి అందించాడు. ఒక్క ముద్ద తిన్నాను. కడుపులో బాగలేదని చెప్పి లేచిపోయాను.

ఆ తరవాత ఏ పెళ్లికి పిలిచినా కడుపులో బాగలేదనే చెప్పాను. చుట్టాల ఇళ్లకు పోతే నీళ్లు కూడా ముట్టలేదు. నాకు గ్యాస్ జబ్బు ఉందని మా చుట్టాల్లో పేరు పడిపోయింది.

మా పక్కింట్లో ఒక ముస్లిం అక్క ఉంటుంది, ఆపా అని పిలుస్తాను. బట్టలు కుడుతుంది. ఆమె దగ్గర ఒక పెద్ద బిస్కెట్ డబ్బా నిండా పాత గుండీలు ఉన్నాయి. ఫిజియోథెరపీ మేడం నాకు శనగలు ఏరమని చెప్పిందని విని, నన్ను పిలిచి, ఆ డబ్బాను తన వాకిట్లో చాప మీద కుమ్మరించింది.

"శనగలన్నీ ఒక్క తీరుగనే ఉంటయ్ బెహన్, నీకు బేజారైతది" అంది. "గివ్వి రంగు రంగుకు ఏరు. నాకూ పని అయితది."

రోజూ సాయంత్రం అక్కడ కూర్చుని గుండీలు ఏరాను. తెల్లవి ఒక దిక్కు, నల్లవి ఒక దిక్కు. వేళ్లు తెరుచుకునేదాకా కాచుకుని, గుండీ మీద పెట్టి, ముడుచుకునేదాకా కాచుకునేదాన్ని. నేను ఆగమాగం చేస్తుంటే ఆపా మిషన్ తొక్కుతూనే, "ఆహిస్తా, ఆహిస్తా" అనేది, మెల్లగా అని. ఏడు నెలలకు గుండీలు బాగానే వచ్చాయి. కానీ అన్నం రాలేదు. మెతుకులు వేళ్ల సందుల్లోంచి జారిపోయేవి, చెయ్యి నోటి దాకా పోయేసరికి వణికి సగం ఒళ్లో పడేది. ఇంట్లో రెండు సార్లు ప్రయత్నం చేసి వదిలేశాను. ఇగ ఇంతే అనుకున్నాను.

మాకు ఒక్కతే బిడ్డ. హైదరాబాద్‌లో పళ్ల డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో చేస్తుంది, హాస్టల్లో ఉంటుంది. పోయిన చలికాలం నన్ను అక్కడి నరాల డాక్టరుకు చూపిస్తానని పట్టుబట్టింది. తెల్లవారుజామున బస్సెక్కి నేనూ నా భర్తా పోయాం. డాక్టర్ చూసి మంచిగానే ఉందన్నాడు. చెయ్యి పని చేస్తుంది, దానితో పని చేయించాలి, భయం వదలాలి అన్నాడు. బయటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది.

"ఆకలైతుందా?" అని బిడ్డ అడిగింది.

"నాకు కడుపుల..." అని మొదలుపెట్టాను.

"అమ్మా, గా కడుపు మాట నాకు చెప్పకు" అంది.

ఆటోలో ఒక పెద్ద షాపింగ్ మాల్‌కు తీసుకుపోయింది. మూడో అంతస్తులో ఒక జపాన్ హోటల్. లోపలికి పోగానే నేను ఆగిపోయాను. గుండ్రంగా పొడుగాటి బల్ల, దాని చుట్టూ ఎత్తు స్టూళ్లు. ఆ బల్ల మీద ఒక పట్టా మెల్లగా నడుస్తోంది, దాని మీద చిన్న చిన్న ప్లేట్లు వరసగా పోతున్నాయి. ఒక్కో ప్లేటుకు పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ మూత. లోపల అన్నం ముద్దలు, ముద్ద మీద చేప ముక్కో, గుడ్డు ముక్కో. కొన్నిటికి నల్లటి ఆకు చుట్టి ఉంది. మధ్యలో తెల్ల టోపీ పెట్టుకున్న వంటాయన నిలబడి అరచేతిలో అన్నం పెట్టి రెండు వేళ్లతో నొక్కి ముద్దలు చేస్తున్నాడు.

నా భర్త ఆయన చేతుల్నే చూశాడు. "గిదేంది, చిన్న పిల్లలకు చేసే ముద్దలే గదా" అన్నాడు.

"గదే బాపూ" అంది బిడ్డ. "అందుకే తీసుకొచ్చిన. ఒక్కటి ఒక్క బుక్కకు సరిపోతది. జారిపోదు, చేత్తోనే తినొచ్చు. ఎవ్వరేమనరు."

నన్ను మధ్యలో కూర్చోబెట్టింది. కుడిపక్కన నా భర్త, ఎడమపక్కన తను. ప్లేట్లు ఎడమ దిక్కు నుంచి వచ్చి నా ముందర నుంచి కుడి దిక్కుకు పోతున్నాయి. నేను వడ్డించేవాళ్ల కోసం చూస్తుంటే బిడ్డ చెప్పింది.

"గీడ వడ్డించేటోళ్లు ఉండరమ్మా. నీ ముందటికెల్లే పోతయి. ఏది కావాల్నో అది తీసుకోవాలె."

"నేనెట్ల తీస్తనే? అవి నడుస్తుంటే?"

"నువ్వే తియ్యాలె. కుడిచేత్తోని."

నా భర్తకు కోపం వచ్చింది. "పిల్లా, నీకు మతి ఉందా? నిలబడ్డ గ్లాసే పట్టరాదు మీ అమ్మకు" అని గుడ్డు ముక్క ఉన్న ప్లేటు మీద చెయ్యి వెయ్యబోయాడు.

"బాపూ, నువ్వు ముట్టకు. ఒక్క గంట సేపు. నీకు దండం పెడ్త."

ఆయన నా దిక్కు చూశాడు. నేను పట్టా దిక్కు చూశాను. ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. లేకుంటే ఆ చేతులు ఆగవని ఆయనకు తెలుసు.

మళ్లీ గుడ్డు ముక్క ప్లేటు ఒకటి వచ్చింది. పసుపు పచ్చగా, చూడముచ్చటగా ఉంది. చెయ్యి చాపాను. వేళ్లు పిడికిలిగా ముడుచుకుని ఉన్నాయి. తెరుచుకునేసరికి ప్లేటు నా భర్తను దాటిపోయింది. రెండోసారి ముందుగానే వేళ్లు తెరిచాను కానీ చెయ్యి వణికి ప్లేటు అంచుకు కొట్టుకుంది. ప్లేటు అడ్డం తిరిగింది. దాని వెనక వస్తున్నది దాన్ని గుద్దింది, ఇంకోటి దాన్ని గుద్దింది. మూతలు టకటకా కొట్టుకున్నాయి. ఎదురు దిక్కు కూర్చున్నవాళ్లు తలలెత్తి చూశారు.

నాకు ఫంక్షన్ హాల్ కళ్ల ముందరికి వచ్చింది. చెవులు వేడెక్కాయి. వంటాయన మా దగ్గరికి వచ్చాడు. ఈశాన్యం దిక్కు మనిషిలాగున్నాడు. ఒక్క వేలితో ప్లేటును సరిగ్గా తిప్పి పెట్టి, నవ్వి, "ఫిర్ ఆయేగా అమ్మా" అన్నాడు. మళ్లీ వస్తుంది అని. అని తన పని మీదికి పోయాడు.

నేను స్టూలు దిగాను. "పోదాం పా" అన్నాను నా భర్తతో.

బిడ్డ ముఖం చిన్నబోయింది. ఆయన లేస్తాడనే అనుకున్నాను. నేను ఏది వద్దంటే అది ఆ ఏడాదిన్నరలో ఆయన ఎన్నడూ చెయ్యలేదు.

"కూసో" అన్నాడు.

"ఏంది?"

"కూసోమంటున్న. మళ్లొస్తది అంటుండు గదా ఆయన. రానియ్యి."

ఆ గొంతు నేను పొలంలో కూలీల దగ్గర విన్నదే కానీ నాతో మాట్లాడేటప్పుడు చాలా రోజులుగా వినలేదు. నేను జబ్బు మనిషిని కాక ముందు మేం అట్లాగే మాట్లాడుకునేవాళ్లం. నేను మళ్లీ స్టూలెక్కి కూర్చున్నాను.

ఈసారి చెయ్యి చాపలేదు. ఊరికే చూశాను. పట్టా ఒక్క తీరుగా నడుస్తోంది, ఎక్కువ తక్కువ లేదు. నా బస్సులో నేను ఎవరికీ ఎదురు పరుగెత్తి టికెట్ కొట్టలేదు. మనిషి మెట్టెక్కేటప్పుడే ఏ ఊరో చూసుకుని మిషన్ మీద వేలు సిద్ధం చేసుకునేదాన్ని. నా వేళ్లు తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఆపా వాకిట్లో నాకు బాగా తెలిసింది. మెల్లగా నాలుగు అంకెలు లెక్కపెట్టేంత. బిడ్డకు అవతలి స్టూలు మీద నీలం చొక్కా వేసుకున్న ఒకాయన కూర్చున్నాడు. ప్లేటు ఆయన ముందర నుంచి నా దగ్గరికి రావడానికి కూడా నాలుగు అంకెలే పడుతోంది. మూడు ప్లేట్లను పోనిచ్చి లెక్క చూసుకున్నాను. సరిపోయింది.

కుడి మోచేతిని బల్లకు ఆనించాను. అప్పుడు వణుకు తగ్గింది. చెయ్యిని పట్టా అంచు మీద పెట్టి అక్కడే ఉంచాను. దాన్ని ప్లేటు వెంట పంపదలుచుకోలేదు.

పసుపు గుడ్డు ముక్క నీలం చొక్కా దగ్గరికి వచ్చింది. ఒకటి. బొటనవేలు కదిలింది. రెండు. చూపుడువేలు లేచింది. మూడు. నా పక్కన నా భర్త ఊపిరి బిగపట్టాడు, నాకు వినిపించింది. నాలుగు. ప్లేటు తనంతట తనే వచ్చి నా అరచేతిలోకి దూరింది. వేళ్లు ముడుచుకున్నాయి. ముడుచుకోవడంలో అవి ఎప్పుడూ గట్టివే. పట్టా ముందుకు పోయింది, ప్లేటు పోలేదు.

ఎత్తాను. ప్లేటు గడగడ వణికింది, మూత మోగింది, కానీ పడలేదు. బల్ల మీద పెట్టి, వేళ్లు విడిచేదాకా కాచుకున్నాను. బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా భర్త ముందుకు వంగి ప్లేటును చూశాడు, నా చేతిని చూశాడు.

"పట్టినవ్ లే" అన్నాడు.

ఎడమచేత్తో మూత తీశాను. రెండు ముద్దలు. అన్నం బిగుతుగా నొక్కి ఉంది కాబట్టి వేళ్ల మధ్య పెద్ద గుండీ లాగా నిలబడింది. తల కొంచెం వంచి నోట్లో పెట్టుకున్నాను. ఒక్క మెతుకు కింద పడలేదు. అన్నం చల్లగా, కొంచెం పులుపుగా, గుడ్డు తియ్యగా ఉంది. రుచి బాగుందో లేదో నాకు ఆ నిమిషాన తెలియలేదు. ఏడాదిన్నర తరవాత నా చేతి ఉప్పు నా నాలుకకు తగిలింది. దాన్నే నమిలాను.

"ఎట్లుందమ్మా?" అని బిడ్డ అడిగింది.

"ఆగవే, ఇంకోటి వస్తుంది" అన్నాను. నా కళ్లు అప్పటికే నీలం చొక్కా దిక్కు ఉన్నాయి.

రెండోది దోసకాయ పెట్టి నల్ల ఆకు చుట్టింది. మూడోది రొయ్య. నాలుగోది తప్పిపోయింది. నేను నవ్వి ఊరుకున్నాను, అది మళ్లీ చుట్టు తిరిగి వచ్చింది, పట్టుకున్నాను. అప్పటికి వంటాయన కూడా చూస్తున్నాడు. నేను ప్లేటు ఎత్తినప్పుడల్లా అక్కడి నుంచే తల ఊపేవాడు. ఒకసారి ప్లేటు పెట్టేటప్పుడు నా దిక్కు చూసి రెండు చేప ముద్దలు ఇంకొంచెం బిగుతుగా నొక్కి పెట్టాడని నాకు అనిపించింది. నిజమో కాదో నాకు తెలియదు.

నా భర్త ఏమీ తినలేదు. చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి.

"నువ్వు తినవా?" అన్నాను.

"పచ్చి చాప నేను తినను. నాకు భయం."

ఇగ ఊరుకుంటానా. నారింజ రంగు చేప ముక్క ఉన్న ప్లేటు పట్టి ఆయన ముందర పెట్టాను. ఆయన ముద్ద మీది చేపను వేలితో లేపి కింద అన్నాన్ని పరీక్షగా చూశాడు. ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపాడు. "పొట్టి గింజ. జిగట బాగుంది. మన దిక్కు పండదిది" అన్నాడు. వరి గురించి చెప్పి తప్పించుకుందామని చూశాడు.

ఆ ముద్ద నా కుడిచేత్తో తీసి ఆయన నోటి ముందర పెట్టాను. చెయ్యి వణుకుతూనే ఉంది. ఆయన నోరు తెరవలేదు. "నలుగురు చూస్తుండ్రే" అన్నాడు మెల్లగా.

"చూడనియ్యి" అన్నాను.

నోరు తెరిచాడు. పెట్టాను. కళ్లు మూసుకుని నమిలాడు. మింగాడు. మేమిద్దరం ఆయన ముఖమే చూస్తున్నాం. కళ్లు తెరిచినప్పుడు వాటి నిండా నీళ్లు.

"కారమా బాపూ?" అంది బిడ్డ.

"కాదు" అన్నాడు ఆయన. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని, "బతికే ఉన్న" అన్నాడు. బిడ్డ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అంత గట్టిగా నవ్వి ఎన్ని రోజులైందో. ఎదురు దిక్కువాళ్లు మళ్లీ చూశారు. ఈసారి నేనే వాళ్ల దిక్కు చూశాను.

లేచేసరికి నా ముందర తొమ్మిది ఖాళీ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి. అన్నీ నేను పట్టినవే. బిడ్డ వాటిని ఫోటో తీసి ఆపాకు పంపింది. ఆపా జవాబుగా తన గుండీల డబ్బా ఫోటో తీసి తిరిగి పంపింది.

మాల్ బయటికి రాగానే నా భర్త ఆగిపోయాడు.

"మీరు తిన్నరు. నేను ఒక్క బుక్క తిన్న. నాకు అన్నం కావాలె, వేడి వేడి అన్నం."

ఎదురుగా గల్లీలో ఒక మెస్ కనబడింది. ఇనుప బల్లలు, స్టీలు గ్లాసులు, ఆఫీసుల వాళ్లతో కిక్కిరిసి ఉంది. ఆయనకు తోడు కూర్చుందామని లోపలికి పోయాం. పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, చింతకాయ తొక్కు వచ్చాయి. ఆ వాసనకు నేను నిండుగా తిన్న సంగతే మరిచిపోయాను.

"నాకూ ఒక ప్లేటు చెప్పు" అన్నాను. బిడ్డ తనకూ ఒకటి చెప్పింది.

నా భర్త అలవాటు కొద్దీ నా ప్లేటు దగ్గరికి లాక్కుని పప్పు పోసి కలపడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు. చెయ్యి తీసేసుకుని ప్లేటు నా ముందరికి జరిపాడు. తన అన్నం తాను కలుపుకున్నాడు.

ఇది నొక్కిన ముద్ద కాదు, పొడిపొడి అన్నం. వేళ్లు తెరుచుకునేదాకా కాచుకుని పప్పన్నంలోకి దింపాను. గట్టిగా పిసికి, మోచెయ్యి బల్లకు ఆనించి, తల వంచి తిన్నాను. సగం నోట్లోకి పోయింది, సగం ప్లేటులో పడింది. పడిందాన్ని మళ్లీ తీసుకున్నాను. పప్పు మోచెయ్యి దాకా కారింది. చీర మీద మెతుకులు పడ్డాయి. మా బల్ల దగ్గర ఇంకో ఇద్దరు కొత్తవాళ్లు కూర్చుని తింటున్నారు. వాళ్లు చూశారేమో, నేను గమనించలేదు. తొక్కు చాలా కారంగా, బాగుంది.

మేం ముగ్గురం తింటున్నాం. వడ్డించే పెద్దాయన అన్నం బకెట్ పట్టుకుని వరస వెంట వచ్చాడు. నా భర్తకు వేశాడు. బిడ్డ చెయ్యి అడ్డం పెట్టింది. నా ప్లేటు, నా మోచెయ్యి, నా చీర అన్నీ చూసి, గరిటె పైకెత్తి పట్టుకుని, "ఇంకింత వెయ్యాల్నా అమ్మా?" అని అడిగాడు.

"వెయ్యి" అన్నాను.